నా ఆటలో అందరూ అనాథలే

మూడో కాగితంలోనూ అదే కథ. ఊరు తగలబడింది, అమ్మానాన్నలు చనిపోయారు, అడవిలో ఒంటరిగా పెరిగాడు. చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఎల్బీనగర్‌లో నేను అద్దెకుండే మేడ మీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఈ ఆట ఆడతాం. దీనికి బోర్డు ఉండదు, గెలుపూ ఉండదు. మాయలూ రాక్షసులూ ఉన్న లోకాన్ని నేను చెప్పుకుంటూ పోతాను, ఆడేవాళ్లు తలా ఒక పాత్రగా మాట్లాడతారు. ఏం జరగాలో కొంత మేం తేలుస్తాం, కొంత డైస్ తేలుస్తుంది. కొత్త కథ మొదలయ్యే ముందు ప్రతి ఒక్కరూ తమ పాత్ర గతాన్ని ఒక పేజీ రాసుకురావాలన్నది నా నియమం. కథ చెప్పేవాడికి పట్టు దొరికేది అందులోనే. ఆరేళ్లుగా నాతో ఆడుతున్న ముగ్గురు మిత్రులు మాత్రం ప్రతిసారీ అనాథలనే తెచ్చిస్తారు. ఒక్కడికైనా కనీసం ఒక పిన్ని ఉండకూడదా? ఇంత సోమరితనమేంటని ముఖం మీదే అడిగాను. ముగ్గురూ డైస్ తీసి ముందు పెట్టుకున్నారు.

ఆ పూటే కొత్తగా చేరినామె తన పేజీ ఇచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ తరలిపోయేదాకా వాళ్ల నాన్న అక్కడే హమాలీ. "నాకు రాసుడు రాదన్నా, జర చూడు" అంది. ఆమె పాత్ర వైద్యం చేసే మంత్రగత్తె. ఆ మంత్రగత్తె తండ్రి కోట బజారులో పండ్ల గంపలు మోస్తాడు. తొడిమ దగ్గర వాసన చూసి మామిడి ఏ తోటదో చెప్తాడు. కూతురు మంత్రాలు వల్లె వేస్తుంటే ఒక్క ముక్క అర్థం కాకపోయినా పక్కనే కూర్చుంటాడు. ఇన్నాళ్లకు ఒక మనిషి దొరికాడని పొంగిపోయి అందరికీ చదివి వినిపించాను.

తర్వాతి ఆదివారమే, ఆటలో ఆ తండ్రిని రాక్షసులు ఎత్తుకుపోయారని చెప్పాను.

నా దృష్టిలో అది ఆమెకిచ్చిన గౌరవం. ఇక కథంతా ఆమె చుట్టూనే తిరుగుతుంది కదా. ఆమె మాత్రం డైస్ వేయమన్నప్పుడల్లా వేసింది, అంతే. వెళ్లేటప్పుడు "పోయొస్త" అని మాత్రం అంది.

ఆమె మెట్లు దిగాక పాత మిత్రుల్లో ఒకడు అందుకున్నాడు. "నీకింకా సమజ్ కాలేదా? మొదటి ఆటల నేను చెల్లెను రాసిన. మూడో వారమే చెరువుల ముంచినవ్. వీడు ముసలి గురువును రాస్తే పాముతోని కరిపించినవ్. అందుకే మేమే ముందుగాల చంపి తెస్తున్నం."

"కథ నడవాలి కదరా" అన్నాను.

"నడవనీ. మావోళ్ల పీనుగుల మీదికెళ్లే నడవాల్నా?"

కోపమొచ్చింది. ఆరేళ్లుగా ఈ మాట చెప్పకుండా నాచేత తిట్లు తిన్నారని వాళ్ల మీద, అంతకు మించి నా మీద. ఆ వారమంతా మెట్రోలో ఆఫీసుకు పోతూ వస్తూ, మంత్రగత్తె తండ్రిని విడిపించే కథ ఫోన్‌లో రాశాను. రాక్షసుల వంటశాలలో పండ్లు ఏరిపెడుతూ క్షేమంగానే ఉంటాడు. మొదటి అరగంటలోనే కూతురికి దొరుకుతాడు. ఇక ఆయన జోలికి పోనని ఆమెకు మాట కూడా ఇద్దామనుకున్నాను.

ఆదివారం నేను మొదలుపెట్టకముందే ఆమె కొత్త పేజీ నా చేతిలో పెట్టింది. అందులో గంపలు లేవు, మామిడి వాసన లేదు. మంత్రగత్తెకు ఐదేళ్లప్పుడు తండ్రి జ్వరంతో చనిపోయాడని మొదటి వాక్యంలోనే ఉంది.

"ఆయన బతికే ఉన్నాడు, ఇవాళ దొరుకుతాడు" అన్నాను.

"వద్దన్నా" అంది నెమ్మదిగా. "దొరికితే మల్లెప్పుడు ఎత్తుకపోతవో అని చూస్కుంట కూసోవాలె. గిట్లయితే భయం లేదు."

వారమంతా కూర్చుని బతికించుకొచ్చిన మనిషిని ఫోన్‌లోనే ఉంచేసి, ఆమె పేజీకి సరే అన్నాను.