చేటలో గూడబాతులు

నా చిన్నప్పుడు మా ఊళ్లో నేల ఎర్రబడే రోజులూ, చెట్లు తెల్లబడే రోజులూ ఒకటే. చిలకలూరిపేట రోడ్డు మీద బస్సు దిగి, పత్తిచేల మధ్య బండిబాట పట్టుకుని లోపలికి నడిస్తే వచ్చే పల్లె మాది. మాఘమాసం వచ్చేసరికి కల్లాల నిండా మిరపకాయ పరుచుకునేది. ఊరికి తూర్పున మంచినీళ్ల చెరువు. ఆ నీళ్లలోనే మొలిచిన తుమ్మచెట్ల మీద గూడబాతులు పిల్లల్ని చేసేవి. మూరెడు ముక్కు, ముక్కు కింద వేలాడే సంచి ఉన్న పెద్ద పక్షులవి. ఎక్కడి నుంచి వచ్చేవో మాకు తెలియదు. కార్తీకంలో వచ్చేవి, ఎండలు ముదిరాక వెళ్లిపోయేవి. పనిగట్టుకుని వాటిని చూసినవాళ్లు లేరు. రోజూ కళ్లెదుట ఉండేదాన్ని ఎవరు చూస్తారు?

ఒక ఏడు మాత్రం చూడక తప్పలేదు. చెట్లు మోయలేనన్ని వచ్చాయి. రెట్టలతో కొమ్మలకు సున్నం కొట్టినట్టయింది. ఆ రెట్టంతా పడేది మేము తాగే నీళ్లలోనే. ఆడవాళ్లు బిందె మూతికి రెండు మడతల గుడ్డ కట్టి ముంచుకున్నా, కాచి చల్లార్చినా నీచువాసన పోలేదు. కట్ట కింద ఆరబోసిన కాయ మీద తెల్ల మచ్చలు పడుతున్నాయని రైతులు గొణిగారు. ఊళ్లో చిన్నపిల్లలకు వాంతులు పట్టుకునేసరికి ఆ గొణుగుడు కేకలయింది. పక్షుల్ని వెళ్లగొట్టాల్సిందేనని ఊరు తీర్మానించింది. ఆ తీర్మానానికి పెద్ద మా తాతయ్య. ఆయన కఠినుడేమీ కాదు. వాంతులతో వాడిపోయి మంచాన పడ్డ పిల్లల్లో మా తమ్ముడొకడు.

టపాకాయలు కాలిస్తే పక్షులు లేచి, ఒక చుట్టు తిరిగి మళ్లీ వాలాయి. వడిసెల రాళ్లు అంత దూరం పోలేదు. అప్పుడు తాతయ్యకు మిరప రైతుకు మాత్రమే తట్టే ఉపాయం తట్టింది. రంగు పోయి, తెల్లబారి, ఏరివేతలో పక్కన పడేసే కాయను మా వైపు తాలు అంటారు. పొయ్యిలో ఒక్క ఎండుకాయ పడితేనే ఇంటిల్లిపాదీ దగ్గుతుంది కదా. ప్రతి కల్లం నుంచీ ఒక గోతం తాలు తెచ్చి, చెరువుకట్ట మీద కుప్పపోసి, గడ్డితో అంటిస్తే? ఊరు చెరువుకు పడమర. పగటిపూట వీచేది పడమటి గాలి. పొగ తిన్నగా తుమ్మచెట్లలోకి పోతుంది. పక్షులు మళ్లీ ఈ దిక్కు చూడవు. వినడానికి లెక్క సరిగ్గానే ఉంది.

చెరువుకు అవతలి కట్ట పక్కన మిషన్ బడి, దాన్ని ఆనుకుని క్రైస్తవుల పాలెం ఉండేవి. ఊళ్లో పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన టీచరమ్మది ఆ పాలెమే. గోతాలు కట్టెక్కుతున్నాయని ఎవరు చెప్పారో గానీ, ఆవిడ చీరకొంగు నడుముకు దోపుకుని చెరువు చుట్టూ తిరిగి గబగబా వచ్చింది.

"పెద్దయ్యగారూ, పొగెయ్యమాకండి. గూళ్లలో పిల్లలున్నాయి. వాటికింకా రెక్కలు రాలేదు. తల్లులు బెదిరి లేచిపోతే ఎట్టా బతుకుతాయండీ?"

"మా పిల్లోడు మూడు రోజుల నుంచి మంచం దిగలేదమ్మా. వాడెట్టా బతుకుతాడని ఎవరన్నా అడిగారా?" అన్నాడు తాతయ్య.

"అదీ నిజమేనండి" అంది టీచరమ్మ. ఆ మాట నాకింకా చెవుల్లోనే ఉంది. వాదనకొచ్చిన మనిషి ఎదుటివాడి బాధను అంత సూటిగా ఒప్పుకోవడం తర్వాత నేను ఎక్కువసార్లు వినలేదు. మళ్లీ ఆవిడే అంది: "ఈ నెల్లాళ్లు ఓపిక పట్టండి. పిల్లలు ఎగిరిందాకా. అప్పటిదాకా మా బడి బావిలో తోడుకోండి. తియ్యటి నీళ్లు."

మా వీధులవాళ్లు ఆ బావి నీళ్లు ముట్టేవాళ్లు కారు. ఎందుకన్నది ఎవరూ పైకి అనేవాళ్లు కాదు, అందరికీ తెలుసు. ఆ ఇబ్బందిని దాటించడానికి ఒక కుర్రాడు గొంతు పెంచి, "నీళ్ల సంగతి మేం చూసుకుంటాం గానీ, మీరు పోయి బళ్లో పిల్లకాయల్ని చూసుకోండి టీచరమ్మా" అన్నాడు.

"నువ్వూ నా బళ్లో పిల్లకాయవేరా. ఏడో ఎక్కం రాక గోడకుర్చీ వేసింది మర్చిపోయావా?"

జనం గొల్లుమన్నారు. వాడు ముఖం ఎర్రగా చేసుకుని గోతం మూతి విప్పడంలో పడ్డాడు. ఆ నవ్వుతో వేడి కాస్త తగ్గింది గానీ వాదన మాత్రం సాగింది. కొందరు ఆగుదామన్నారు, కొందరు కుదరదన్నారు. చివరికి కుదరదన్నదే నిలిచింది. టీచరమ్మ వచ్చిన దారినే, ఈసారి నెమ్మదిగా, వెళ్లిపోయింది. ఇంత జరిగేలోపు పొద్దు వాలిందని ఎవరూ గమనించలేదు.

కుప్ప అంటించారు. కాసేపు పొగ అనుకున్నట్టే చెరువు మీదికి పోయింది. తాతయ్య మీసం కింద నవ్వడం నేను చూశాను. ఆ తర్వాత కట్ట మీది గడ్డిపోచలు ఒక్కసారి అటునుంచి ఇటు తిరిగాయి. ఎండలు మొదలయ్యే రోజుల్లో సాయంత్రమయ్యేసరికి చీరాల వైపు నుంచి సముద్రపు గాలి మళ్లుతుంది. పైరగాలి అంటాం. దాని కోసమే వీధుల్లో మంచాలు వాల్చుకునే ఊరు, ఆ ఒక్కరోజు దాన్ని మర్చిపోయింది.

పొగ తిరిగి ఊరి మీద పడింది. అది పొగలా లేదు, ఎవరో కళ్లలో కారం కొట్టినట్టుంది. కుక్కలు తోకలు ముడిచి పరుగెత్తాయి. గేదెలు పలుపులు తెంపుకున్నాయి. "ఒరేయ్, ఆర్పండ్రా!" అని ఒకడు, "నీళ్లు పొయ్యమాకండ్రా, ఇంకా లేస్తది!" అని ఇంకొకడు. మా నాయనమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని, నన్ను రెక్క పట్టి లాక్కుంటూ, దగ్గు మధ్యలోనూ తాతయ్యను వదల్లేదు. "ఊరందరికీ ఒక్కసారే దిష్టి తీశావు గదయ్యా!"

పొగ లేని చోటు ఒక్కటే ఉంది. చెరువుకు అవతల, గాలి వచ్చే వైపు. ఊరంతా కట్ట వెంట తిరిగి అటు పరుగెత్తింది. బడి ముందు టీచరమ్మ, పాలెం ఆడవాళ్లు అప్పటికే బావి దగ్గర చేదలు తోడుతూ నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్లకు వచ్చినట్టు దోసిళ్లలో నీళ్లు పోశారు. ముఖాలు కడుక్కున్నారు, పుక్కిలించారు, కడుపునిండా తాగారు. అవి ఎవరి నీళ్లో ఆ సాయంత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మా తాతయ్య వంగి దోసిలి పట్టడం, టీచరమ్మ ఒక్క మాటైనా అనకుండా పోయడం నేను చూశాను. తమ్ముడు రెండు గుక్కలు తాగి, ఇంకా కావాలని ఏడ్చాడు. అవి కడుపులో నిలిచాయి.

అప్పుడు తలల మీదుగా ఒక చప్పుడు వినిపించింది. వందల చేటలతో ఎవరో గాలిని చెరుగుతున్నట్టు. తలెత్తి చూశాం.

మేత నుంచి గూడబాతులు వస్తున్నాయి. మా ఊరిని ఊపిరాడకుండా చేసిన అదే పైరగాలి మీద, రెక్కలు చాపి, వరసలు వరసలుగా తూర్పు నుంచి వస్తున్నాయి. ముందున్నది రెక్క ఆడిస్తే వెనకది, దాని వెనకది, ఒకరి చెవిలోంచి ఒకరి చెవిలోకి మాట పోయినట్టు వరస చివరిదాకా రెక్కలు ఆడేవి. మళ్లీ అన్నీ నిశ్చలంగా జారేవి. ఎంత కిందుగా వచ్చాయంటే వాటి రెక్కల గాలి మా ముఖాలకు తగిలింది. ఇంత బరువైన పక్షి, నేల మీద ముసలమ్మలా నడిచే పక్షి, ఆకాశంలో అంత తేలిక ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. చెరువుకు ఆ కొసన పొగ ఎర్రటి గోడలా లేచి ఉంది, దాని వెనక సూర్యుడు దిగుతున్నాడు. ఆ గోడ వైపు చూడనైనా చూడకుండా, అన్ని చెట్లలో, అన్ని కొమ్మల్లో, ప్రతి తల్లీ తన గూటి మీదే వాలింది. ఒక్కటీ తడబడలేదు.

తల్లి నోరు తెరిచేది. పిల్ల తలా మెడా మొత్తం ఆ సంచిలోకి దూర్చేసేది. మా ఊరి నుంచి చూస్తే దూరంగా తెల్లగా కనిపించేవి అంతే. ఈ కట్ట నుంచి గూళ్లు చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా ఉన్నాయి. కారంతోనో ఇంకెందుకో అందరి కళ్లూ కారుతూనే ఉన్నాయి. కాసేపటికి ఒక ముసలామె మెల్లిగా అంది: "మళ్లీ అమ్మ కడుపులోకి పోతన్నట్టుంది గదే."

టీచరమ్మ ఆ క్షణం కోసం కాచుకుందో, అప్పటికప్పుడు తోచిందో నాకు తెలియదు. చేద గట్టు మీద పెట్టి, చెయ్యి తుడుచుకుంటూ, మామూలు గొంతుతో అంది. "ఎటూ వచ్చారు గదండీ, ఇంటికో గూడు చూసిపెట్టండి. ఎన్ని పిల్లలున్నాయో నా ఒక్కదానికి లెక్క తేలట్లేదు."

ఎవరో వంకర కొమ్మ మీద గూడు చూపించారు. "అందులో మూడు." "మూడెక్కడియ్యే, రెండే. అది మేం ముందు చూశాం, మాది." "ఏందీ మీది? పొద్దున్నుంచీ కాపలా ఉన్నావా?" అలా చీకటి పడేదాకా గూళ్ల కోసం పోట్లాడుకున్నారు. మధ్యాహ్నం వాటికి పొగ పెట్టడానికి గోతాలు మోసినవాళ్లే. మా నాయనమ్మ నీళ్లకు బాగా దగ్గరగా ఉన్న ఒక గూడు ఎంచుకుంది. అందులో రెండు పిల్లలు. తాతయ్య అటు చూడనట్టు నిలబడి అంతా చూశాడు.

టీచరమ్మ పెట్టిన లెక్క పద్ధతి కూడా మా ఊరికే చెల్లింది. బడి వరండాలో ఒక పెద్ద చేట పెట్టింది. ప్రతి ఇల్లూ తన గూట్లో ఎన్ని పిల్లలుంటే అన్ని ఎర్ర మిరపకాయలు అందులో వెయ్యాలి. పిల్ల ఎగిరిపోతే ఒక కాయ వెనక్కి తీసుకెళ్లి కూరలో వేసుకోవచ్చు. పిల్ల చచ్చిపోతే మాత్రం ఎర్రకాయ తీసి, దాని చోట ఒక తాలు కాయ వేసి వెళ్లాలి. సాయంత్రమైతే మేము పిల్లలం కట్ట ఎక్కి, ఎవరి గూడు వాళ్లం చూసుకుని, ఇంటికెళ్లి చెప్పేవాళ్లం. అన్నానికి కూర్చుంటే ఇంటి కబుర్లలో దాని కబురూ ఉండేది. "ఇవ్వాళ రెక్క ఆడించింది." "పెద్దది చిన్నదాన్ని తొక్కేస్తంది." పొగ పెట్టిన మర్నాడు పొద్దున్నే నాయనమ్మ బిందె పట్టుకుని ఎవరికీ చెప్పకుండా బడి బావికి బయలుదేరింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. అందరూ వెళ్లారని చెప్పను. ఎండాకాలం అయ్యాక కొన్ని ఇళ్లు మళ్లీ ఆ బావిని మర్చిపోయాయి. మా ఇల్లు మర్చిపోలేదు.

ఒక రాత్రి గాలివాన వచ్చింది. పొద్దున్నే వెళ్లి చూస్తే మా గూట్లో ఒక్కటే పిల్ల ఉంది. రెండోది కింద నీళ్లలో, తుమ్మకంపకు చిక్కుకుని తేలుతోంది. ఏడుస్తూ వచ్చి చెప్పాను. తాతయ్య అన్నం ముందు నుంచి లేచాడు. కల్లంలోకి వెళ్లి, ఏరివేసిన కుప్పలో వెతికి వెతికి ఒక తాలు కాయ తీశాడు. నా చెయ్యి పట్టుకుని కట్ట వెంట నడిచాడు. ఆ బడి మెట్టు ఆయన అంతకుముందు ఎన్నడూ ఎక్కలేదు. ఆ రోజు చెప్పులు కింద విడిచి ఎక్కాడు. చేట ముందు వంగి, ఒక ఎర్రకాయ తీసి, తెల్లకాయ పెట్టాడు. పాఠం ఆపి వచ్చిన టీచరమ్మతో, "మాదొకటి పోయిందమ్మా" అన్నాడు. ఆవిడ తన కుర్చీ తెచ్చి వేసింది. తాతయ్య కూర్చున్నాడు.

మిగిలిన పిల్ల చైత్రంలో ఎగిరింది. దాని కాయను తాతయ్య కూరలో వెయ్యనివ్వలేదు. దూలానికి కట్టాడు. మసిబారి నల్లబడేదాకా అక్కడే ఉంది.

పెద్దయ్యాక పత్రికలో పనిచేశాను. ప్రమాదాల వార్తల్లో పోయినవాళ్ల సంఖ్య సరిచూడటం నా పనుల్లో ఒకటి. ఆ అంకె రాసే ప్రతిసారీ నాకు చేటలో తాలు కాయలు కనిపించేవి. ఒక్కొక్క కాయనూ చేత్తో పట్టుకుని, కట్ట వెంట నడిచి వచ్చిన మనిషి ఎవరో ఒకరు ఉంటారు గదా అనిపించేది.

ఇప్పుడు ఆ చెరువు పక్షుల కేంద్రం. కుళాయి నీళ్లు వచ్చాయి, ఆ బావి పూడిపోయింది. ప్రతి శీతాకాలం స్వచ్ఛందంగా పక్షుల్ని లెక్కపెట్టడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుర్రకారు వస్తారు. చెరువును వాటాలు వేసుకుని, బైనాక్యులర్లు మెళ్లో వేసుకుని, అంకెలు ఫోన్లలోకి ఎక్కిస్తారు. నేనూ వాళ్లతో నిలబడతాను. వాళ్ల కళ్లు నాకంటే చురుకు, వాళ్ల లెక్క నాకంటే పక్కా. మొన్న ఒక అమ్మాయి నా చేతిలో ఎండుమిరపకాయ చూసి, "ఏంటమ్మమ్మా, ఎవరికి దిష్టి తీస్తారు?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

పొద్దుగూకే వేళ పైరగాలి మళ్లింది. తలల మీద చేటలు చెరిగిన చప్పుడు. ఆ పిల్ల ఫోను దించేసి, నోరు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడిపోయింది. అన్నీ వాలాక, నీళ్లకు దగ్గరగా ఉన్న ఒక గూడు చూపించి, కాయ ఆమె చేతిలో పెట్టాను.

"మొత్తం ఎన్నో తర్వాత రాసుకుందువు గానీ తల్లీ, ముందు దాన్ని చూడు. అది మీ ఇంటిది."