కొడుకు ఆమేన్ అనేదాకా

చిల్లకల్లు పల్లెలో ఆరోగ్యమ్మ మొండితనం తెలియనివాళ్ళు లేరు. మొగుడు పోయిన ఏడాదే కౌలుకి చేను పట్టి, నలుగురూ నవ్వుతుంటే వ్యవసాయం చేసి, కొడుకు ఇశ్రాయేలుని పెంచి పెళ్ళి చేసిన మనిషి. తీరా ముసలితనంలో ఆ కొడుకే ఎదురు తిరిగాడు.

గొడవంతా మనవరాలు ప్రేమకుమారి గురించి. జగ్గయ్యపేట హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్లని, పంతొమ్మిదొందల అరవై రెండులో మిరపకోతలు రాగానే మాన్పించాడు. "ఎదిగిన పిల్ల. రోడ్డెంట అంత దూరం పంపను. కోతకి మనిషి కూడా కావాల" అన్నాడు. ఆరోగ్యమ్మ అరిచింది, బతిమాలింది, అన్నం మానేసింది. ఊహూఁ, వాడు వింటేనా! ఆమె కడుపున పుట్టినవాడే కదా మరి.

ఆ రోజుల్లో పంచాయతీ రేడియోలో వారానికోసారి ఒక కుటుంబం కథ నాటకంగా వచ్చేది. అందులో సరళ అనే పిల్ల వారం వారం పెరుగుతూ వస్తోంది. ప్రేమకుమారి అది విని వచ్చి, చేలో కాయలు కోస్తూ అందరి గొంతులూ తనే పలికి ఆడవాళ్ళకి చెప్పేది. ఆ వారం సరళని తండ్రి బడి మాన్పించాడు. ప్రేమకుమారి కోత ఆపకుండానే అదీ చెప్పింది. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకుని ఆ తండ్రిని నానా తిట్లూ తిట్టారు. పక్క సాలులో కోస్తున్న ఇశ్రాయేలు కూడా "ఛీ, వాడొక తండ్రా!" అన్నాడు. చేలోకి కూడు తెచ్చిన ఆరోగ్యమ్మకి ఆ మాట విని ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం చర్చిలో స్తెఫను పాస్టరుగారు ప్రార్థన ఎవరికి కావాలో చెప్పమన్నారు. జ్వరాలూ కాన్పులూ అయ్యాక ఆరోగ్యమ్మ లేచింది.

"సరళ కోసం ప్రార్థన చెయ్యాలండి."

"ఏ సరళమ్మా?"

"రేడియోలో పిల్లండి."

చర్చంతా గొల్లున నవ్వింది. పాస్టరుగారు నవ్వాపుకుంటూ, "అది నాటకం ఆరోగ్యమ్మా. ఆ పిల్ల నిజంగా లేదు" అన్నారు.

"తెలుసండి. లేని పిల్ల కోసం వారమంతా ఏడ్చాం. ఆ కథ చెప్పిన పిల్ల కోసం ఒక్కరమన్నా ఏడ్చామా? దాని పేరు ప్రేమకుమారి. ప్రార్థన నేనే చేస్తా, అందరూ మోకాళ్ళూనండి."

నవ్వులు ఆగిపోయాయి. అందరూ మోకాళ్ళూనారు.

"ప్రభువా, రేప్పొద్దున నా మనవరాలు బడికి పోవాల."

అందరూ ఆమేన్ అన్నారు. మగవాళ్ళ వైపు చెవి పెట్టిన ఆరోగ్యమ్మకి ఒక గొంతు వినబడలేదు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్ళీ అంతే. మళ్ళీ ఎత్తుకుంది. గచ్చుమీద మోకాళ్ళు నలిగి ముసలాళ్ళు మూలుగుతున్నారు.

"ముగిద్దామా అమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"నా కొడుకు ఆమేన్ అనేదాకా దేవుడితో నాకు పనుందండి."

"అనరా బాబూ, నీకు పుణ్యముంటది!" అన్నారెవరో వెనకనుంచి.

ఇశ్రాయేలు తలెత్తకుండానే "ఆమేన్" అన్నాడు. చర్చిలో అన్న మాట తప్పే ధైర్యం ఆ పల్లెలో ఎవరికీ లేదు.

బయటికొచ్చాక, "మరి చేలోకి మనిషేదీ?" అన్నాడు కోపంగా.

"నేను చచ్చానా?" అంది ఆరోగ్యమ్మ.

సోమవారం ప్రేమకుమారి పుస్తకాలు పట్టుకుని జగ్గయ్యపేట రోడ్డెక్కింది. ఆరోగ్యమ్మ కాయలకి ఒడి కట్టుకుని మిరపచేలోకి దిగింది. ఎండెక్కేసరికి నడుం పట్టేసింది. అది చూసి ఇశ్రాయేలుకి మనసొప్పలేదు.

"ఇంటికి పోవే అమ్మా. నీ సాలు కూడా నేనే కోస్తాలే."

"ఆ మాట మొన్నే అనుంటే పల్లెంతటి మోకాళ్ళూ బతికిపోయేవి గదరా!" అంది ఆరోగ్యమ్మ, కోస్తూనే.