కిటికీ పెట్టిన ప్యాకెట్

2023 వానాకాలం. అప్పుడు నేను పోషకాహార పొడులు తయారుచేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో ఫుడ్ టెక్నాలజిస్టుని. సొంతూరు జనగామ. సెలవు దొరికితే ఇంటికి వచ్చేదాన్ని.

గర్భిణుల కోసం మేం ఫోలిక్ యాసిడ్ పొడి చేసేవాళ్ళం. కడుపులో బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడటానికి తొలి నెలల్లో తప్పనిసరి విటమిన్ అది. పసుపుపచ్చగా ఉంటుంది, వెలుతురుకు రంగు వెలిసి పాడవుతుంది. అందుకని దాన్ని పాలిమర్ ద్రావణంలో కలిపి, సూది మొన నుంచి హై వోల్టేజీతో లాగి, వెంట్రుక కంటే ఎంతో సన్నని పోగులుగా మారుస్తాం. విటమిన్ ఆ నానోఫైబర్ల లోపల ఒదిగి ఉంటుంది. ఈ పద్ధతి పేరు ఎలక్ట్రోస్పిన్నింగ్. మేం వాడిన పాలిమర్‌కు తేమ పడదు, పోగులు కరిగి అతుక్కుపోతాయి. అందుకే వెలుతురు, తేమ చొరబడని ఫాయిల్ ప్యాకెట్‌లోనే అమ్మాలని రిపోర్టులో రాసి సంతకం చేశాను.

ఒక ఆదివారం జనగామ బజార్లో కిరాణా కొట్టు ముందు మా ప్యాకెట్లు ఎండలో దండలా వేలాడుతున్నాయి. ముందువైపు ఫాయిల్ కత్తిరించి పలుచని ప్లాస్టిక్ కిటికీ పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కంపెనోళ్లే గిట్ల ఏలాడదియ్యమన్నరు మేడం. లోపల పచ్చగ కనవడితే మంచిగ అమ్ముడువోతదట" అన్నాడు సేటు.

అంతలో ఒకామె వచ్చింది. పేరు జమున, జఫర్‌గఢ్ దగ్గరి తండా. "సేటూ, పోయినసారి పొడి పచ్చగుండె. గిది తెల్లగయింది, ముద్దగట్టింది. ఏంది?" అంటూ విప్పిన ప్యాకెట్ చూపించింది.

ఆమెకు రెండో నెల. దవాఖాన గోళీలు వేసుకుంటున్నావా అని అడిగాను.

"వాంతులైతున్నయని బంద్ జేసిన. గీ పొడి ఉండంగ అవెందుకు? ప్యాకెట్ మీద డబల్ రక్షణ అని రాసిన్రు గద."

"అక్కా, గీ పొడిని పరీక్ష చేసి సంతకం పెట్టింది నేనే. ఇగ తాగకు. రేపే దవాఖానకు వోయి గోళీలు మల్ల సురు జెయ్యి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మంచిదని సంతకం పెట్టింది నువ్వేనా?"

"పెట్టిన. గని గీ ప్యాకెట్‌కు కాదు."

"ప్యాకెట్ సంగతి మాకేం ఎర్క మేడం? మంచిదంటే తాగినం."

ఆ ప్యాకెట్లు కొన్ని తెచ్చి ల్యాబ్‌లో పరీక్షించాను. విటమిన్ ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం చూపించినదాని ప్రకారం చాలా భాగం పోయింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పోగులే లేవు, గడ్డకట్టిన జిగురు తప్ప.

"ల్యాబ్‌లో పాసైందిగా, ఇంకేంటి గొడవ?" అన్నాడు మేనేజరు.

"నేను పాస్ చేసింది ఫాయిల్ ప్యాకెట్‌ని. మీరు అమ్ముతున్నది దీన్ని. నన్నడక్కుండా నా సంతకం ఎలా వాడుకున్నారు?"

"తాగేవాళ్ళకు తేడా ఏం తెలుస్తుందండీ?"

ఫలితాలు, నా పాత రిపోర్టు జతచేసి ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు ఇచ్చాను. అదే రోజు రాజీనామా చేశాను. కొన్ని వారాలకు సరుకు వెనక్కి తెప్పించారు.

జమునకు పాప పుట్టింది, ఆరోగ్యంగా ఉంది. ఫిర్యాదులో ఆమె పేరు చూసి ఆరా తీసిన మేనేజరు ఫోన్ చేశాడు. "చూశారా, ఏమీ కాలేదు. అనవసరంగా రాద్ధాంతం చేశారు."

ఏమీ కాకపోవడం అతని ఘనతా? రంగు మారిందని ఆమె గమనించింది, వచ్చి అడిగింది, గోళీలు మళ్ళీ మొదలుపెట్టింది. అడగని వాళ్ళెందరో నాకు తెలియదు. వాళ్ళ పిల్లలు ఎలా పుట్టారో తెలియదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు, అందులో సగం నా మీదే. పోగు బాగా వస్తే నా పని అయిపోయినట్టేనని నమ్మినదాన్ని నేను. ఇప్పుడు వేరే ల్యాబ్‌లో ఉన్నాను. కొట్లో వేలాడబోయే ప్యాకెట్‌నే స్వయంగా తెప్పించి పరీక్షించనిదే దేనిమీదా సంతకం పెట్టను.