శుక్రవారం ఛార్జింగ్

ఆ డ్రోను కాలవలో ఎందుకు పడిందో మా ఊళ్ళో సరిగ్గా తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఒకావిడ చెప్పదు. ఒకామె చెబితే ఎవరూ వినలేదు. మూడోదాన్ని నేను. నోరు తెరవాల్సిన రోజున తెరవకుండా, ఇప్పుడు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నన్ను చూస్తే నాకే ఒళ్ళు మండుతోంది.

మాది కొత్తపేట దగ్గర చిన్న ఊరు. నా పేరు పార్వతి. ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీలో పనిచేసి దిగిపోయాను. ఊరందరికీ ఇప్పటికీ టీచర్‌నే. నాకంటూ ఎవరూ లేరు. మా మహిళా సంఘం లీడరు విజయదుర్గగారి ఇంటి వెనక వాటాలో అద్దె లేకుండా ఉంటున్నాను. రోజూ పొద్దున ఆవిడ ఇచ్చే కాఫీ తాగుతాను. నేను చేసిన నిర్వాకానికి కారణం ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఇక ఆదిలక్ష్మి. కువైట్‌లో ఆరేళ్ళు ఇళ్ళల్లో పనిచేసి వచ్చింది. అంతకు ముందే మొగుడు వదిలేసి రాజమండ్రిలో ఇంకో కాపురం పెట్టాడు. కువైట్‌లో ఏం పడిందో ఎవరికీ చెప్పలేదుగానీ, ముంజేతి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఒకటి ఉంది. తిరిగొచ్చిన రోజున ఎనిమిదేళ్ళ కూతురు సత్యశ్రీ తల్లిని గుర్తుపట్టక అమ్మమ్మ చీర వెనక దాక్కుంది. ఆ పూటే ఒట్టు పెట్టుకుందట, చచ్చినా మళ్ళీ విమానం ఎక్కనని.

ఆ మరుసటి ఏడే మా సంఘానికి మందు కొట్టే డ్రోను వచ్చింది. దాన్ని నడపడానికి ఎవరో ఒకరు పదిహేను రోజులు శిక్షణకు వెళ్ళాలన్నారు. సంఘంలో పదిమందిమి ఉన్నాం. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి అత్తగారు, ఒకరికి ఆ రెక్కలు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఆదిలక్ష్మి మాత్రం "నేనెళ్తానండి" అంది. వెళ్ళింది, పాసయింది, పైలట్ కార్డు మెళ్ళో వేసుకుని వచ్చింది. మొదట్లో రైతులు నవ్వారు. దాళ్వా, అదే రెండో పంట, ముగిసేసరికి ఐ.పోలవరం వైపు నుంచి కూడా ఫోన్లు వచ్చేవి. సత్యశ్రీ బళ్ళో "మా అమ్మ పైలట్" అని చెప్పుకునేది. అబద్ధమేం కాదు కదా.

ఆదిలక్ష్మి ప్రాణమంతా బ్యాటరీల మీదే ఉండేది. మొత్తం ఆరు. ఇటుకరాయంత బరువు, ఒక్కోదాని మీద నెంబరు. ఒకసారి గట్టుమీద కూర్చుంటే నాకూ పాఠం చెప్పింది.

"రిమోట్ కుయ్‌కుయ్ మందంటే చాలండి, మడి ఎంత మిగిలినా వెనక్కి తెచ్చేసుకోవాలి. దిగిన బ్యాటరీ వేడిగా ఉంటది, ఓ అరగంట ఆరబెట్టి అప్పుడు ఛార్జింగు పెట్టాలి. పని లేని రోజుల్లో మాత్రం సగానికి ఉంచాలండి. నిండా ఉంచితే లోపల గ్యాసు పుట్టి ఉబ్బిపోతాయి. పూర్తిగా ఖాళీ అయినా చచ్చిపోతాయి."

"సగానికేంటే, విడ్డూరం" అన్నాను.

"మనం కడుపునిండా తిని రెండు నెలలు కదలకుండా పడుకుంటే ఏమవుతామండి" అంది నవ్వుతూ.

డ్రోను ఆదిలక్ష్మి ఇంట్లో ఉండాల్సింది. కానీ అది తాటాకుల ఇల్లు, పైగా విజయదుర్గగారిది మేడ. అంత ఖరీదైన వస్తువు లీడరు ఇంట్లో ఉంటేనే సంఘానికి గౌరవమన్నారు. తెచ్చి హాల్లో పెట్టారు. రెక్కలకు పసుపు, పెట్టెకు కుంకుమ. చుట్టాలు వస్తే ముందు దాన్నే చూపించేవారు.

ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. అక్కడ ఏదీ సగం ఉండకూడదు. బియ్యం డబ్బా సగానికి దిగితే పై నుంచి పోసెయ్యాలి. మంచినీళ్ళ బిందె ఎప్పుడూ అంచుదాకా ఉండాలి. కుంకుమ భరిణె సరేసరి. విజయదుర్గగారి అత్తగారు నేర్పిన పద్ధతి అది. ఆవిడ పోయినా పద్ధతి పోలేదు. దాళ్వా కోతలయ్యాక ఆదిలక్ష్మి బ్యాటరీలన్నీ సగానికి దింపి, అడుగున ఇసుక పోసిన రేకు పెట్టెలో సర్ది, "ఎవరూ ముట్టుకోకండమ్మా" అని చెప్పి వెళ్ళింది. ఆ శుక్రవారం దీపం పెట్టి వచ్చిన విజయదుర్గగారు పెట్టె తెరిచారు. ఒక్కో బ్యాటరీ మీద బొత్తాం నొక్కితే నాలుగు లైట్లకు రెండే వెలిగాయి.

"లక్ష్మీదేవి లాంటి వస్తువు, అరకొరగా ఉంచుతామా పార్వతిగారూ? నాకు నడుం పట్టేసింది, కాస్త మీరు ఛార్జింగ్ పెట్టండి" అన్నారు.

పెట్టాను. ఆదిలక్ష్మి చెప్పిన మాట చెవిలో ఉండగానే పెట్టాను. ఆవిడకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. నాలుగు లైట్లూ వెలిగాక ఆవిడ ముఖం వెలిగింది. ఆ పై శుక్రవారాలు కూడా, ఒక లైటు తగ్గినా తగ్గకపోయినా, ప్లగ్గు పెట్టింది ఈ చేతులే. రోళ్ళు పగిలే ఎండల్లో, పడమటి గోడ పక్కన, రెండు నెలలపాటు ఆరు బ్యాటరీలూ నిండుకుండల్లా ఉన్నాయి.

మధ్యలో ఆదిలక్ష్మి రెండుసార్లు చూసుకోవడానికి వచ్చింది. ఒకసారి ఇంటివాళ్ళు పెళ్ళికి వెళ్ళారు. ఇంకోసారి విజయదుర్గగారు "భోజనాల వేళ ఏంటమ్మా, నీ వస్తువు ఎక్కడికీ పోదు" అని గుమ్మంలోంచే పంపేశారు. నేను వెనక వాటాలో చింతపండు పిక్కలు తీస్తూ ఆ మాట విన్నాను.

వానాకాలం సార్వా చేలకు పురుగు పట్టింది. మొదటి పని విజయదుర్గగారి చేలోనే. పెట్టె తెరిచి ఆదిలక్ష్మి ఒక్కో బ్యాటరీనీ బల్ల మీద పెట్టి వేలితో నొక్కి చూసింది. వాటిలో రెండు, కాళ్ళు సమంగా లేని పీటల్లా ఊగాయి. అడుగు ఉబ్బింది. ఆ పిల్ల మా వైపు తిరిగింది.

"ఎవరు పెట్టేరండి ఫుల్ ఛార్జింగు?"

"ఎవరు పెడతారు, నువ్వే అలా వదిలేసి ఉంటావు" అన్నారు విజయదుర్గగారు.

ఆ రెండూ పక్కన పెట్టేసింది. తక్కిన నాలుగూ పైకి బాగానే ఉన్నాయి, కానీ నమ్మకం లేదంది. ట్యాంకు సగమే నింపి తక్కువ బరువుతో తిప్పి చూస్తానంది. చేనుగట్టు మీద వ్యవసాయాఫీసు నుంచి వచ్చినవాళ్ళు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. విజయదుర్గగారి భర్త జగ్గయ్యగారికి ఇది తలవంపులుగా తోచింది.

"నలుగురూ చూస్తుంటే సగం సగం ఏంటమ్మాయ్? నింపెయ్యండ్రా" అని కూలీలతో అంచుదాకా పోయించారు.

"బాబుగారూ, బరువెక్కువైతే బ్యాటరీ ఒక్కసారే పడిపోద్దండి."

"ఏం పడదు. నువ్వు లేపు."

లేపింది. పెద్దాయన మాట, లీడరుగారి చేను, చుట్టూ జనం. కాదని ఎలా అంటుంది? కాదనాల్సింది. ఈ కథలో ఆ పిల్ల చేసిన తప్పు అదొక్కటే.

చేను పొడుగునా రెండు బారులు చక్కగా కొట్టింది. చేతిలో తెర మీద ఛార్జింగు ఇంకా సగం పైనే చూపిస్తుండగా, కాలవ అవతలి మడిలో ఉన్నప్పుడు, రిమోట్ కూయడం మొదలెట్టింది. ఆదిలక్ష్మి వెంటనే మందు ఆపి వెనక్కి తిప్పింది. జగ్గయ్యగారు ఆ ఒక్క బారూ కానిచ్చెయ్యమంటూనే ఉన్నారు. ఆమె వినిపించుకోలేదు. అవతలే దించుదామంటే మోకాల్లోతు నీళ్ళ చేను. ఇవతల పొడిగట్టు ఇరవై గజాలే. కాలవ మీదికి వచ్చేసరికి రెక్కల చప్పుడు మారింది. అంతే, గుర్రపుడెక్క మొక్కల మధ్యలో దబ్బున పడింది. ఆదిలక్ష్మి చీర కుచ్చిళ్ళతోనే కాలవలోకి దూకింది. డ్రోనును కాదు, ముందు బ్యాటరీని ఊడదీసి జనానికి దూరంగా ఇసుకలోకి విసిరింది. అది పొగలు కక్కింది. గట్టు మీద ఎవరికీ ఏమీ కాలేదంటే ఆమె చలవే. ఆ సంగతి ఒక్కరూ అనలేదు.

నాలుగో రోజు సంఘం మీటింగు. ఆదిలక్ష్మి ఫోన్లో ఛార్జింగు పెట్టిన తేదీలన్నీ చూపించింది. బ్యాటరీలే ఆ లెక్క దాచుకుంటాయట. అన్నీ శుక్రవారాలే.

"అయితే? నువ్వే వచ్చి పెట్టుకుని వెళ్ళేదానివి. నాకా వైర్ల సంగతే తెలీదు" అన్నారు విజయదుర్గగారు. అందులో ఒకటి నిజమే. ఆవిడ ఎప్పుడూ ప్లగ్గు ముట్టుకోలేదు.

ఆదిలక్ష్మి నా వైపు తిరిగింది. "టీచర్‌గారూ, మీరు ఆ ఇంట్లోనే ఉంటారు కదండి. నేను వచ్చేనా, శుక్రవారాలు? చెప్పండి."

ఎనిమిది ముఖాలు నన్నే చూస్తున్నాయి. విజయదుర్గగారు చూడలేదు. చీర అంచు సర్దుకుంటున్నారు. అంత నమ్మకం ఆవిడకు నా మీద.

"నేను వెనక వాటాలో ఉంటానమ్మా. ముందు హాల్లో సంగతులు నాకేం తెలుస్తాయి" అన్నాను.

అంతటితో అయిపోయింది. అజాగ్రత్త అని పుస్తకంలో రాసుకున్నారు. కార్డు తీసేసుకున్నారు. డ్రోను బాగుచేయించి విజయదుర్గగారి మేనల్లుడు నాగసతీష్‌కు అప్పగించారు. తెల్లారి కాఫీ మామూలుగానే వచ్చింది. తాగాను కూడా.

నెల తిరక్కుండా ఆదిలక్ష్మి మా వాటాకు వచ్చింది. పక్కన సత్యశ్రీ. కువైట్‌కు మనుషుల్ని పంపే మలికిపురం ఏజెంటు ఇచ్చిన దరఖాస్తు చేతిలో ఉంది. ఊళ్ళో ఇంగ్లీషు కాగితాలు నింపేది నేనే మరి. పేరు రాశాను, తండ్రి పేరు రాశాను. తర్వాత పెన్ను కింద పెట్టాను.

"ఆదిలక్ష్మీ, ఆ ప్లగ్గు..." అన్నాను.

"తెలుసండి" అంది. గొంతులో కోపం కూడా లేదు. "విజయదుర్గగారు వంగి ప్లగ్గు పెట్టే మనిషి కాదు కదండి. మీ పేరు నేనే చెప్పెయ్యొచ్చు. మీరే చెప్తారని చూసేను."

మళ్ళీ పెన్ను తీసుకున్నాను. సత్యశ్రీ తల్లి కొంగు గట్టిగా పట్టుకుని నిలబడింది. కాగితంలో తర్వాతి గడి, తెలిసిన పని.

"ఇక్కడ ఏం రాయమంటావమ్మా? పైలట్ అని రాయనా?"

"ఇంటిపని అని రాయండి టీచర్‌గారూ."

రాశాను.