నీళ్లు మోసే సోమయ్య కావడి దించిన సినిమా

మిరపకాయ ఘాటు ముక్కుకు తల్గంగనే అందరికి తుమ్ము వస్తది బిడ్డా, నాకైతె సినిమా యాదికొస్తది. మీ అమ్మ పొద్దుగాల బంగ్ల మీద మిరపకాయలు ఆరబోసింది, గా ఘాటు మెట్ల మీదికెల్లి గీ అర్రలకు దిగుతున్నది. నువ్వేమొ టీవీల ఫ్రిజ్‌లకెల్లి భూతం బయటికొచ్చి ఇంటోళ్లను పరేషాన్ జేసే సినిమా పెట్టినవు. థియేటర్ల గాదట, సీదా ఇంట్లనే రిలీజ్ జేసిన్రట. ఇంట్ల కూసోని కొత్త సినిమా చూసుడు మీ చిన్నప్పుడు ఉండెనా అమ్మమ్మా అని అడుగుతున్నవు. ఎందుకు లేకుండె? ఉండె. టీవీ జర బంద్ జెయ్, పెన్ను వట్టు, చెప్త.

మాది తొర్రూరు. ఎండాకాలం మొదట్ల, మిరప చేన్లు ఏరుడు అయిపోయే యాల్లకు, మార్కెట్ ఎన్కాల మైదానంల టెంటు సినిమా దిగుతుండె. రీళ్ల డబ్బాలు రైల్ల మానుకోట దాక వచ్చి, ఆడికెల్లి బస్సు మీద వస్తుండె; మూడు దినాల ముందుకెల్లే ఒంటెద్దు బండికి బొమ్మలు అంటిచ్చి, మైకుల అరుసుకుంట వాడవాడ తిరుగుతుండె, మేం బండి ఎంబడి ఉరుకుతుంటిమి. కాని ఆడోళ్లందరికి టెంటుకు పోను ఏడ తీరుతది? గందుకని మా వాడల ఒక పద్ధతి ఉండె. ఒక్కామె పోయి సినిమా చూసి వచ్చేది, తెల్లారి మిగిలినోళ్లందరికి చెప్పేది. షావుకార్లు తొడిమెలు తియ్యమని ఇచ్చిన మిరపకాయలు మా వాకిట్ల కుప్ప వోసుకోని, మూతులకు కొంగులు కట్టుకోని, చేతులు మండుతున్నా ఇడ్వకుంట వల్సుకుంట, చెవులు మాత్రం సినిమా చెప్పేటామె దిక్కు పెట్టేటోళ్లు. గా చెప్పేటామె మా అవ్వ. మేం గప్పుడు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తుంటిమి. మా అవ్వ చెప్తె గుర్రం ఉరికితె ధూళి కండ్లల్ల పడ్డట్టె ఉండేది, ఏడ్చే కాడ ఆమె ఏడ్వకపోయేది, వినేటోళ్లే ఏడ్చేటోళ్లు.

అరవైతొమ్మిదిల మా చిన్న చెల్లె పుట్టింది. అదే ఏడు తెలంగాణ కావాలని లొల్లి లేచింది, బడులు బంద్ వడ్డయ్, గోడల నిండ బొగ్గుతోని జై తెలంగాణ రాతలే. నాకు పదేండ్లు. అవ్వ బాలింత, ఇరవై ఒక్క దినాలు నిండి తానం పోసే దాక గడప దాటొద్దు. చెవులకు గుడ్డ కట్టుకోని, మంచం కింద కుంపటి పెట్టిచ్చుకోని, ఎల్లిపాయ కారం అన్నం తినుకుంట, సాంబ్రాణి పొగల పండుకోని ఉన్నది. గప్పుడే టెంటు దిగింది. ఇంద్రలోకంల వంట జేసే దేవతలోడు కాలు జారి భూమ్మీద ఒక పెద్ద ఇంట్ల పడ్తడట, ఆడ ఏడుగురు కోడండ్లట, మస్తు నవ్వుడట అని మైకుల చెప్పుకుంట పోయిన్రు. మా అవ్వ మొకం గోడ దిక్కు తిప్పుకున్నది.

"నేను పోయొస్త అవ్వా, వచ్చి నీకు చెప్త" అన్న.

అవ్వ నన్ను కిందికెల్లి మీది దాక చూసింది. "చెప్పుడంటె ఆషామాషీ గాదే పిల్లా. ఒక్క ముక్క ఇడ్వొద్దు. మొదలుకెల్లి శుభం దాక చెప్పాలె. నడిమిట్ల మర్శినవంటె మల్ల నిన్ను అడగ."

బాపు తల్లి, మా బాపమ్మ, మూలకు కూసోని గొణిగింది. "బాలింతకు నవ్వులాటలా? నవ్వితె కడుపుల గాలి జొరబడ్తది. నవ్వియ్యకుంట చెప్తెనే చెప్పు, లేకుంటె నోర్మూస్కొ."

పక్కింటి ఎల్లవ్వ అత్త తోని మొదటి ఆటకు పోయిన. ఇసుక కుప్ప జేస్కోని దాని మీద కూసున్న, రెప్ప కొట్టలె. దేవతలోడు కిరీటం పెట్టుకోని పొయ్యి ఊదుడు, ఏడుగురు కోడండ్లు కొట్లాడుడు, వాడు చేసిన పాయసం తిన్నోళ్లు కడుపుల దాసుకున్న మాట కక్కేసుడు, అన్నీ వరుసగ గుర్తు వెట్టుకుంట చూస్తున్న. గా ఇంట్ల నీళ్లు మోసే సోమయ్య అని ఒకడు. దేవతలోడు, గా ఇంటి దొర, కోడండ్లు అందరు పుస్తకం లెక్క మాట్లాడ్తరు, సోమయ్య ఒక్కడే మన లెక్క మాట్లాడ్తడు. వాడు నోరు తెరిస్తె నవ్వుడే. దొర వాన్ని "మనిషిలా మాట్లాడరా" అని చెంప మీద కొట్టిండు. అబద్ధం ఎందుకు, నేను గూడ నవ్విన.

గంతల ముంగట కూసున్న కాలేజి పోరగాండ్లు లేచిన్రు. "ఆపుండ్రి! గది మా మాట! మా అయ్య మాట!" అని ఒక్కటే లొల్లి. ఎవరో తెర మీదికి ఇసుక ఇసిరిన్రు. లైట్లు ఎలిగినయ్. నేను నవ్వే నోటికి చెయ్యి అడ్డం వెట్టుకున్న. ఎల్లవ్వ అత్త నా రెక్క వట్టి గుంజుకోని బయటికి ఉరికింది. "శుభం కాలేదత్తా!" అని ఏడ్చుకుంటనే ఇల్లు చేరిన. తెల్లారి బంద్. టెంటు విప్పుకోని పోయిన్రు.

ఇగ చూడు నా గతి. సగం సినిమా పట్టుకోని అవ్వ ముంగట ఎట్ల నిలవడాలె? ఎల్లవ్వ అత్తను అడిగితె, "నాకేం ఎర్క? నీ నోరు, నీ ఇష్టం" అన్నది. ఇడ్వొద్దనుకున్న. అవ్వకు శుభం దాక ఇస్తనని చెప్పిన, ఇస్త.

పగటీలి వాకిట్ల మిరపకాయల కాడ ఆడోళ్లు జమైన్రు. లోపల మంచం మీద అవ్వ, బయట వీళ్లు, నడుమ దర్వాజ కాడ నేను. మొకం ఒకసారి అటు తిప్పుత, ఒకసారి ఇటు. దేవతలోనికి పుస్తకం మాట పెట్టి చెప్పవోయిన, నాలిక తిరగలె. "ఏమంటున్నడే వాడు?" అని బాపమ్మ కసిరింది. ఇగ లాభం లేదని అందరికి మన మాటే పెట్టిన. కిరీటం పెట్టుకున్నోడు "ఉప్పు జర కమ్మి అయ్యిందా వదినా?" అంటుంటె బయట ఆడోళ్లు మిరపకాయలు ఇడిసి కడుపులు వట్టుకున్నరు. అవ్వ మాత్రం పండ్ల కింద కొంగు వెట్టుకోని ఆపుకుంటున్నది, బాపమ్మ కండ్లు ఆమె మీదనే ఉన్నయ్.

చెంపదెబ్బ కాడికి వచ్చిన. ఎల్లవ్వ అత్త తల దించుకోని తొడిమెలు వలుస్తున్నది. నేను చూసింది గంత వరకే.

"సోమయ్య చెంప తుడ్సుకున్నడు. కావడి కింద దించిండు. నా మాట వద్దన్నోళ్లకు నా నీళ్లు గూడ వద్దు అన్నడు, పోయి వాకిట్ల కూసున్నడు. కుండలు ఎండినయ్. కోడండ్లకు కొట్లాడ గొంతు లేదు. దొర గడ్డానికి సబ్బు వెట్టుకోని కడుక్కునే దిక్కు లేక గట్లనే తిరుగుతున్నడు. పొయ్యి మీద పప్పు మాడ్తున్నది. ఆఖరికి దేవతలోడు కిరీటం తీసి సంకల వెట్టుకోని బయటికొచ్చిండు. సోమయ్య ముంగట వంగిండు. నీ కాల్మొక్త సోమన్నా, జర గిన్ని నీళ్లు పొయ్యన్నా అన్నడు. మనిషి లెక్క అడిగినవు, పోస్త తియ్ అన్నడు సోమయ్య. శుభం."

ముందుగాల నవ్వింది బాపమ్మ. పండ్లు లేని నోరు తెరిసి, మోకాలు కొట్టుకుంట నవ్వింది. గది చూసి అవ్వ ఆగలేదు, చంటిదాన్ని పట్టుకోని మంచం ఊగేదాక నవ్వింది. కడుపుల గాలి ఏం జొరబడలె.

తానమైనంక అవ్వ గదే సినిమా పట్టుకోని తిరిగింది. జనగామల మా మేనమామ ఇంట్ల పెండ్లయితె ఆడ చెప్పింది, డోర్నకల్ల చిన్నమ్మకు చెప్పింది, వాళ్లు ఇంకెవరికి చెప్పిన్రొ. మస్తు ఏండ్లకు, నాకు పిల్లలు పుట్టినంక, ఒక ఆదివారం గా సినిమా టీవీల వచ్చింది. అవ్వ, నేను పక్కపక్కన కూసోని చూసినం. చెంపదెబ్బ తర్వాత సోమయ్య మల్ల తెర మీద కనవడనే లేదు. అందరు కలిసి పాట వాడిన్రు, అయిపోయింది. నేను అవ్వ దిక్కు చూసిన. అవ్వ లేచి కొంగు దులుపుకున్నది.

"చూసినవానె, మనోడు గెలిసింది కోసేసిన్రు!" అన్నది. పక్కింటోళ్లకు గూడ పోయి చెప్పొచ్చింది.

గది నేను అల్లిందని చెప్పాలని నోటి దాక వచ్చింది, మింగిన. రాష్ట్రం వచ్చిన రోజు గూడ చెప్పలె. అవ్వ పోయింది. మిరపకాయలు వలిసినోళ్లల్ల ఒక్కరు గూడ లేరు. టెంటు ఏసిన మైదానంల సిమెంటు దుకాణాలు లేసినయ్. ఒకరు చూసి పది మందికి చెప్పే పద్ధతి ఇగ ఎవ్వరికి అక్కర లేదు, ఎవరి సినిమా వాళ్ల చేతుల్లనే ఉన్నది.

ఏంది, అబద్ధం చెప్పినవా అమ్మమ్మా అంటున్నవా? అబద్ధం గాదు బిడ్డా. వాళ్లు తీసింది మాకు నచ్చలె, నడిమిట్ల లేసొచ్చినం, మిగిలింది మేమే చేస్కున్నం. గట్లనే రాయి. నా మాట ఎట్లున్నదో గట్లనే ఉండనియ్, దిద్దకు.