చదివి వినిపించమన్న రిపోర్టు

రిటైరవడానికి పదకొండేళ్ళ ముందు, ఒక శ్రావణమాసంలో, దివిసీమలో డ్రెయిన్ల సెక్షన్‌కు ఏఈగా వెళ్ళాను. అంతకుముందంతా గుడివాడ వైపు కాలవల మీద పని. కాలవల వాళ్ళు చేలకు నీళ్ళిస్తారు. డ్రెయిన్ల వాళ్ళు చేలల్లో ఎక్కువైన నీళ్ళను సముద్రానికి పంపిస్తారు. అదేం పెద్ద విద్య అనుకున్నాను.

డ్రెయిన్ సముద్రపు పాయలో కలిసేచోట స్లూయిస్ అనే పెద్ద తూము, దానికి ఇనప షట్టర్లు ఉంటాయి. పోటుకి ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది కాబట్టి షట్టర్లు దించాలి. పాటుకి నీరు వెనక్కి తీశాక ఎత్తాలి. ఎత్తినా దించినా అక్కడ కాపలా ఉండి షట్టర్లు తిప్పే లస్కరు లాగ్‌బుక్కులో టైము రాసి సంతకం పెట్టాలి. మా లస్కరు నాంచారయ్య. పధ్నాలుగేళ్ళుగా ఆ షట్టర్ల దగ్గరే ఉన్నా ఇంకా పర్మినెంటు కాలేదు. పైకి ఒక్క రిపోర్టు వెళ్తే చాలు, మనిషిని తీసేస్తారు.

నేను చేరిన మూడో వారంలో వాన పట్టుకుంది. నాట్లు మునిగాయి. అమావాస్య నాడు మచిలీపట్నంలో రివ్యూ మీటింగులో ఉండగా, షట్టర్లు ఎత్తించమని రైతుల ఫోన్లు మొదలయ్యాయి. నా దగ్గర పోర్టు పోటుపాట్ల పట్టిక ఉంది. దాని ప్రకారం పోటు అప్పటికే తిరిగిపోయింది. నాంచారయ్యకు ఫోన్ చేసి ఎత్తమన్నాను.

“అమావాస్యండీ. ఇక్కడ పోటు ఇంకా తియ్యలేదు. గంటన్నర ఆగాలండీ,” అన్నాడు.

పక్కన పై ఆఫీసర్లున్నారు. వాళ్ళ ముందు ఒక లస్కరు నా మాట కాదనడం నాకు నచ్చలేదు. చెప్పింది చెయ్యమని ఫోన్ పెట్టేశాను.

చేశాడు. ఉప్పునీరు డ్రెయిన్లోకి ఎదురెక్కి, వానకు తెగిన గట్ల మీదుగా చేలల్లోకి పోయింది. నాలుగు రోజుల్లో నాట్లు ఎర్రబడ్డాయి. రైతులు ఫిర్యాదు పెట్టారు, సంజాయిషీ అడుగుతూ పైనుంచి కాయితం వచ్చింది.

నేనిచ్చిన ఆర్డరు నోటిమాట. రాతలో ఉన్నది నాంచారయ్య సంతకం ఒక్కటే. లస్కరు అజాగ్రత్త వల్ల జరిగిందని రిపోర్టు రాశాను. రాసేటప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ మాట చెప్పుకోవడానికి ఇవాళ సిగ్గుగా ఉంది.

నా పై అధికారి డీఈ సత్యవతి గారు కోపం వచ్చినా గొంతు పెంచని మనిషి. రిపోర్టు చదివి, ఎత్తమని ఎవరు చెప్పారని అడిగారు. లాగ్‌బుక్కులో సంతకం నాంచారయ్యదేనన్నాను. ఆవిడ కాయితం మడిచి నా చేతికే ఇచ్చారు.

“దీన్ని తీసుకెళ్ళి నాంచారయ్యకు చదివి వినిపించండి. వినిపించాక కూడా ఇదే పంపుదామంటే, నేను సంతకం పెడతాను.”

మర్నాడు పొద్దున్నే బండి మీద స్లూయిస్‌కు వెళ్ళాను. నాంచారయ్య కొబ్బరి బోండాం కొట్టిచ్చాడు. అతని ఉద్యోగం తీయించే కాయితం నా చొక్కా జేబులో ఉంది. గోడ మీద తను పెట్టుకున్న రంగు గీతలు చూపించి, పోర్టు దగ్గర పోటు తిరిగిన కబురు పాయ వెంబడి ఇక్కడికి రావడానికి గంటన్నర పడుతుందని చెప్పాడు. ఆ గీతల మీద నీరు దిగడం ఇద్దరం కూర్చుని చూశాం.

“ఆ రోజు నేనింకొంచెం గట్టిగా చెప్పాల్సిందండీ. మీరు కొత్త కదా,” అన్నాడు.

కాయితం జేబులోంచి తియ్యలేకపోయాను.

సాయంత్రానికి జరిగింది జరిగినట్టు కొత్త రిపోర్టు రాసిచ్చాను. సత్యవతి గారు దాని కింద తన చేత్తో ఒక వాక్యం చేర్చారు: స్లూయిస్ దగ్గర పోటు తేడాను కొత్త ఏఈకి రాతపూర్వకంగా తెలపకపోవడం నా లోపం. ఆవిడకూ నాకూ మెమోలు వచ్చాయి. నాకు ఒక ఇంక్రిమెంటు ఆగింది, అది న్యాయమే. నాంచారయ్య ఉద్యోగం నిలిచింది. మొదటి రిపోర్టు ఏమైందని ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

ఆ వారమే లాగ్‌బుక్కులో ఆవిడ స్కేలు పెట్టి కొత్త గడి గీశారు. పైన ‘లస్కరు ఏమన్నాడు’ అని రాశారు. ఆఫీసరు ఆర్డరు గడి దాని తర్వాతే. ఆర్డరు ఫోన్లో ఇచ్చినా సరే, ముందు ఆ గడి నిండాలి.

తర్వాత డీఈనై పనిచేసిన ప్రతిచోటా ఆ గడి గీయించాను. నెల తిరిగినా అందులో ఒక్క ‘వద్దండీ’ కనపడకపోతే, కింద వాళ్ళు నాకు భయపడుతున్నారన్నమాట, తప్పు నాదన్నమాట. అప్పుడు బండి తీసుకుని స్లూయిస్ దగ్గరికి వెళ్ళి లస్కరు పక్కన కూర్చునేవాణ్ణి.