పసుపు పెట్టని పంచె

ఈ ఉదయం నేను జిప్పు వేసి గోడవార నిలబెట్టిన సంచిని మా పిన్ని మళ్లీ తెరిచి, పైనున్న నా స్వెటర్ తీసేసి, ఆ చోట ఒక కొత్త పంచె, దానిమీద కాగితంలో మడిచిన పసుపు పొట్లం పెట్టింది. పంచె అంచుకు మాత్రం పసుపు అంటించలేదు. కొత్త బట్ట ఏదైనా మూలకు పసుపు పెట్టకుండా చేతికివ్వని మనిషి ఆమె. పసుపు లేని బట్ట పోయినవాళ్లకే.

నేను పత్రికలో కొత్తగా చేరిన ఏడాది ఆమె భర్త, మా చిన్నాయన, బాహూరులో పొలం తమ్ముడికి వదిలి ఫ్రాన్సుకు వెళ్లాడు. ఆయన ప్రయాణానికి నటేశన్ నగర్‌లోని మా వీధి ఆడవాళ్లంతా మూడు రోజులు సర్దారు. చింతపండు, అప్పడాలు, కందిపొడి, నాలుగు మూలలా పసుపు పెట్టిన పంచెలు. ఇనప పెట్టె ఇద్దరు మోసినా లేవలేదు. స్టేషన్లో చిన్నాయన దాన్ని చూసి, "ఏందిది, నేను పోతుండానా, ఇల్లు పోతుందా?" అన్నాడు. పిన్ని నవ్వడం చివరిసారి అప్పుడే చూశాను.

అక్కడ ఆయనకు రైలు పట్టాలు వేసే పని. పని ఎక్కడుంటే అక్కడి నుంచి ఉత్తరం వచ్చేది. పిన్నికి చదువు రాదు కనుక చదివేదీ, జవాబు రాసేదీ నేనే. ఏడు ఊళ్ల ముద్రలు పడ్డాక ఉత్తరాలు ఆగిపోయాయి. నా చివరి జవాబు తిరిగొచ్చింది. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ల ఆఫీసులుండే వైట్ టౌన్‌లో నేను ఎక్కి దిగిన చోటల్లా ఆయన చిరునామా అయినా తెమ్మన్నారు, చనిపోయినట్టు కాగితమైనా తెమ్మన్నారు. ఎనభై దాటిన పిన్ని నేటికీ బొట్టు పెట్టుకునే ఉంది.

నా మోకాళ్లు ఇంకో ఏడాదికి ఒప్పుకోవని తెలిసి, ఫ్రాన్సులో ఆ ఏడు ఊళ్లూ వరసగా తిరిగేలా పదకొండు రైళ్లకు టిక్కెట్లు తీశాను. అన్ని రైళ్లు మారేవాడు తన చేత్తో పైకెత్తగలిగినంతే తీసుకెళ్లాలని విలేకరిగా నేర్చుకున్న పాఠం; రెండు జతల బట్టలు, మాత్రలు, ఆ ఏడు కవర్లు, అంతే. స్వెటర్ ఇక ఒంటిమీదే వేసుకోవాలి.

పసుపు ఎందుకు పెట్టలేదని అడిగాను. పిన్ని తల ఎత్తలేదు.

"మీ చిన్నాయన ఉంటే నువ్వే పసుపు పెట్టి ఇయ్యి. లేకుంటే యాడ పూడ్చినారో ఆడ అట్లే పరిచి రా. తిరిగొచ్చి నాకేం చెప్పొద్దు నాయనా. పొట్లం విప్పినావా లేదా చూసుకుంటా. విప్పకుంటే ఆ పొద్దే బొట్టు తీసేస్తా."

ఆ రోజుల్లో ఒక మనిషి ఊరు దాటితే వీధంతా స్టేషన్‌కు వచ్చేది. ఇప్పుడు అక్కడ ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో నా ఫోను ఇక్కడినుంచే చెబుతోంది, నన్ను సాగనంపడానికి మాత్రం పిన్ని ఒక్కతే. ఏడు ఊళ్లలోనూ ఆయన గానీ, ఆయన్ని పూడ్చిన చోటు గానీ దొరక్కపోతే ఆ పొట్లం విప్పకుండానే పంచెతో పాటు వెనక్కి వస్తుంది. అప్పుడేం చెయ్యాలో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు.